గండం గడిచినా బుగులు ఎందుకు పోదు?

పత్తి చేన్లో పామును తొక్కిన మనిషి సంగతి మనకు తెలుసు. పాము కరవలేదు. జరజర పాకి పోయింది. అయినా ఆ మనిషి పది రోజుల దాకా తాడును చూసినా ఎగిరిపడుతుంది. కాలికి గడ్డిపోచ తగిలినా కెవ్వుమంటుంది. మనం నవ్వుతాం. ఆమె కూడా నవ్వుతుంది. మెల్లగా మర్చిపోతుంది.

కానీ కొందరికి ఆ పది రోజులు పది నెలలవుతాయి. పదేళ్లు కూడా అవుతాయి. అప్పుడు ఎవరూ నవ్వరు. ఆమెకు రాత్రి నిద్ర రాదు. పొద్దున పనికి పోలేదు. పిల్లల మీద ఊరికే అరుస్తుంది. "దీనికి గాలి సోకింది" అని ఒకరంటారు. "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అని ఇంకొకరంటారు. ఆమెకేమో "నాకు పిచ్చి లేస్తున్నదా ఏంది" అని లోపల బుగులు.

అక్కలారా, అది గాలి కాదు. పిచ్చి కాదు. వేషం అసలే కాదు. అదేందో, దాన్ని పెట్టుకొని రోజు పనులు ఎట్లా చేసుకోవాలో ఈ పాఠంలో చదువుకుందాం. పాఠం కొంచెం పెద్దది. ఒక సాయంత్రం చాలకపోతే రెండు సాయంత్రాలు చదవండి. చదువుతుంటే ఎవరికైనా గుండె దడ వస్తే పుస్తకం మూసేయండి. లేచి నీళ్లు తాగండి. మిగిలింది రేపు చదవచ్చు.

మన దగ్గర జరిగినవే

మన తిరుమలగిరి 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆ పాత నల్లగొండ జిల్లాలోనే వలిగొండ ఉండేది. 2005 అక్టోబరు 29న, దీపావళికి మూడు రోజుల ముందు, వలిగొండ దగ్గర ఒక ఘోరం జరిగింది. వానలు బాగా పడ్డాయి. వరదకు రైలు పట్టాల కింద ఉన్న చిన్న వంతెన కొట్టుకుపోయింది. తెల్లవారకముందు రేపల్లె నుంచి సికింద్రాబాదు పోయే డెల్టా ప్యాసింజరు రైలు వచ్చింది. పెట్టెలు నీళ్లలో పడ్డాయి. వంద మందికి పైగా చనిపోయారు.

2018 జూన్ 24న అదే వలిగొండ మండలంలో, వేములకొండ దగ్గర, కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడకూలీలే. పొద్దున సద్ది కట్టుకొని మనలాగే బయలుదేరినవాళ్లు.

ఇటు పాలమూరు వైపు చూస్తే, 2013 అక్టోబరు 30న కొత్తకోట మండలం పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు.

ఇట్లాంటివి జరిగినప్పుడు చనిపోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. కాళ్లు చేతులు విరిగినవాళ్ల లెక్క కూడా వస్తుంది. బతికి బయటపడి, ఇంటికి వచ్చి, రాత్రుళ్లు కళ్లు తెరుచుకొని కూర్చునేవాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయరు. బండిలో ఉన్నవాళ్లే కాదు, ఒడ్డు మీది నుంచి చూసినవాళ్లు, నీళ్లలో దిగి పీనుగులను తీసినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు.

పేపర్లో రాని గండాలు ఇంకా ఎక్కువ. మందు తాగిన మొగుణ్ణి పొలం గట్టు మీద మొదట చూసింది పెండ్లామే అయి ఉంటుంది. స్టార్టరు డబ్బా దగ్గర కరెంటు కొట్టి కొడుకు పడిపోతుంటే చూసిన తల్లి ఉంటుంది. కాన్పులో చావు దాకా పోయి వచ్చినవాళ్లు ఉంటారు. ఆడవాళ్ల మీద జరిగే అఘాయిత్యం ఉండనే ఉంది. అది చాలామంది నోరు తెరిచి చెప్పరు కూడా.

పాతకాలంలో మాత్రం తక్కువా? రజాకార్ల కాలంలో, అంటే 1948కి ముందు, మన చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఎన్ని చూశారో! ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు అడిగి రాసుకొని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు. అంటే దగ్గర దగ్గర 40 ఏళ్ల దాకా వాళ్లను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదన్నమాట.

ఇది మన దేశపు జబ్బు, మన ఆడవాళ్ల బలహీనత అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ అని పెద్ద రచయిత ఉండేవాడు. 1865 జూన్ 9న ఆయన ఎక్కిన రైలు వంతెన మీద పడిపోయింది. ఆయనకు దెబ్బ తగలలేదు. పైగా కిందికి దిగి, గాయపడినవాళ్లకు నీళ్లు పోశాడు. తర్వాత కొన్నాళ్లు గొంతు పోయింది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా రైలు ఎక్కితే ఉన్నట్టుండి వణుకు, చెమటలు. కూర్చున్న సీటును గట్టిగా పట్టుకునేవాడు. డబ్బు, పేరు, చదువు అన్నీ ఉన్న మగమనిషి ఆయన. అయినా బుగులు వదల్లేదు.

1914 నుంచి 1918 దాకా జరిగిన పెద్ద యుద్ధంలో సిపాయిలకు కూడా ఇట్లాగే అయింది. మొదట్లో పెద్ద ఆఫీసర్లు వాళ్లను పిరికివాళ్లన్నారు. డాక్టర్లు పట్టి పట్టి చూసి, ఇది జబ్బే అని తేల్చడానికి చాలా ఏళ్లు పట్టింది. 1980లో అమెరికా డాక్టర్లు దీన్ని జబ్బుల పుస్తకంలో ఎక్కించి పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టారు. మనం 'గండం తర్వాతి మనోవ్యథ' అనుకుందాం.

ఒక మాట ముందే చెప్పాలి. గండం చూసిన ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, 100 మందిలో ఇంచుమించు 70 మంది జీవితంలో ఏదో ఒక పెద్ద గండం చూస్తారు. వాళ్లలో నూటికి ఐదారుగురికే ఈ జబ్బు నిలిచిపోతుంది. మిగతావాళ్లకు కొన్నాళ్లు నిద్ర పట్టదు, ఏడుపు వస్తుంది, తర్వాత తగ్గుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని కూడా లెక్కలు చెప్తున్నాయి.

లోపల ఏం జరుగుతుంది?

జొన్న చేన్లో మంచె మీద కావలి ఉంటది కదా. అట్లాగే మన తలలో, మెదడు లోపల, బాదం గింజంత కావలి ఒకటి ఉంది. ప్రమాదం కనిపిస్తే అది కేక పెడుతుంది. ఆ కేకకు గుండె గబగబ కొట్టుకుంటుంది. ఊపిరి ఎక్కువవుతుంది. కాళ్లకు చేతులకు రక్తం పరుగెడుతుంది. కడుపులో అరుగుదల ఆగుతుంది. నోరు ఎండుతుంది. ఇదంతా మంచికే. పారిపోవడానికో, ఎదిరించడానికో ఒళ్లు తయారవుతుంది. ఎద్దు తరుముకొస్తుంటే ఆలోచిస్తూ నిలబడితే ఎట్లా?

మామూలుగా ప్రమాదం పోయినాక కావలి కూర్చుంటుంది. పెద్ద గండం తర్వాత కొందరిలో ఆ కావలి కూర్చోదు. పిట్ట వాలినా కేకే, గాలి వీచినా కేకే. ట్రాక్టరు చప్పుడు, డీజిలు వాసన, కాలువ నీళ్ల రంగు, ఏది ఆ రోజును గుర్తుచేసినా కేకే. అది ఉత్త కేక అని మనిషికి తెలుసు. ఒంటికి తెలియదు. అందుకే "బుగులు పడకు" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండదు. చెప్పేది చెవికి. వినాల్సింది కావలి.

జ్ఞాపకం సంగతి కూడా చెప్తా. మామూలు జ్ఞాపకం కొట్టంలో పెట్టిన వడ్ల బస్తా లాంటిది. మూతి కట్టి ఉంటుంది. కావాలంటే విప్పుతాం, చాలనుకుంటే కడతాం. గండం జ్ఞాపకం కల్లంలో ఆరబోసిన వడ్లు. బస్తాకు ఎక్కలేదు. గాలి వస్తే కండ్లలో పడుతుంది. అందుకే ఆ మనిషికి పాత సంగతి గుర్తొచ్చినట్టు ఉండదు, ఇప్పుడే మళ్లీ జరుగుతున్నట్టు ఉంటుంది.

ఒక అక్క సంగతి

ఇది ఒక్కరి కథ కాదు. నలుగురైదుగురు చెప్పింది కలిపి చెప్తున్నా. అందుకే పేరు పెట్టలేదు.

ఒక అక్క నాట్లకు పోతుంటే ట్రాలీ బోల్తా పడింది. ఆమెకు మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతే. పక్కన కూర్చున్న ఆమె ప్రాణం పోయింది. 15 రోజులకు కట్టు విప్పారు. "నీ అదృష్టం బాగుంది" అని అందరూ అన్నారు.

నెల దాటింది. రెండు నెలలయింది. ఆమె చెప్పిన మాటలు ఇవి:

"కండ్లు మూస్తే చాలు, ట్రాలీ ఒరిగినట్టే అయితది. లేచి కూసుంట. చెమటలు. మళ్ల పండాలంటే బుగులు. కలుపు తీస్తుంటే ఎవలన్న ఎనకనుంచి పిలిస్తే కొడవలి ఇసిరేసిన ఒకపారి. ఆ రోడ్డు మొకాన పోతలేను. దుకాణానికి కూడ చుట్టూ తిరిగి పోతున్న. బిడ్డ ఒచ్చి ఒళ్లో కూసుంటే దాన్ని చూసి కూడ ఏమనిపిస్తలేదు, రాయి లెక్క అయిన. గది నాకు మస్తు బాధ. చచ్చిన ఆమె కంటె నేనేం ఎక్కువ, నేనెందుకు మిగిలిన అనిపిస్తది."

ఈ మాటల్లో ఆ జబ్బు గుర్తులు దాదాపు అన్నీ ఉన్నాయి. కలలు, ఉన్నట్టుండి ఆ రోజు మళ్లీ కండ్ల ముందు ఆడటం. ఆ చోటు నుంచి, ఆ మాట నుంచి తప్పించుకు తిరగడం. చిన్న చప్పుడుకు ఉలికిపాటు, కోపం. మనసు మొద్దుబారడం. తన తప్పేమీ లేకపోయినా తప్పు చేసినట్టు కుమిలిపోవడం.

వీటిలో ఇంట్లోవాళ్లకు అస్సలు అర్థం కానిది మొద్దుబారడమే అని నాకనిపిస్తుంది. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఏడవని మనిషిని "గుండె లేనిది" అంటారు. చేతికి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా. అది చెయ్యి చచ్చిపోయిందని కాదు. మనసుకు కూడా అట్లా తిమ్మిరెక్కుతుంది. ఆ అక్కకు బిడ్డ మీద ప్రేమ పోలేదు.

ఆమెను మొదట భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. వేపమండలతో కొట్టాడు, పొగ పెట్టాడు, డబ్బు తీసుకున్నాడు. గండం చూసి బెదిరిన ఒంటికి దెబ్బలు కొడితే ఏమవుతుంది? బుగులు ఇంకా పెరిగింది. ఎల్లమ్మకో మైసమ్మకో మొక్కుకుంటే మనసు నిమ్మళమవుతుందంటే మొక్కుకోండి, ఎవరూ కాదనరు. కానీ కొట్టేవాడి దగ్గరికి, పొగ పెట్టేవాడి దగ్గరికి పోవద్దు.

పనిలో ఉండగా దడ వస్తే

ముందు చేతిలో ఉన్నది కింద పెట్టాలి. కొడవలి, కత్తిపీట, వేడి నూనె గిన్నె, ఏదైనా సరే. మోటరు స్టార్టరు జోలికి అప్పుడు అస్సలు పోవద్దు. పక్కనున్నవాళ్లను పిలవాలి.

తర్వాత రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడాలి, లేదా కూర్చోవాలి. మట్టిని చేత్తో పట్టుకొని చూడండి. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా? కండ్లు తెరిచి చుట్టూ ఉన్నవి ఐదు పేర్లు చెప్పండి. "ఇది గట్టు. అది తుమ్మ చెట్టు. ఇవి నా గాజులు. అది సద్ది గిన్నె. ఆమె మా వదిన." పైకే చెప్పండి, సిగ్గు పడొద్దు. తర్వాత, "ఇయ్యాల బుధవారం. నేను చేన్లో ఉన్న. అది అప్పుడు అయింది, ఇప్పుడు కాదు" అనుకోవాలి. మంచె మీది కావలికి ఈ మాటలు మెల్లగా చేరుతాయి.

ఊపిరి సంగతి. బుగులు పుట్టినప్పుడు మనం గబగబ పీల్చుకుంటాం. దానికి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకా బుగులవుతుంది. అందుకని ముక్కుతో నాలుగు లెక్క పెట్టేదాకా పీల్చండి. ఆరు లెక్క పెట్టేదాకా మెల్లగా వదలండి. వేడి చాయ్‌ని ఊదినట్టు వదలాలి. వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అదే కిటుకు. పది పదిహేను సార్లు చేస్తే గుండె నెమ్మదిస్తుంది. దీన్ని దడ లేనప్పుడు కూడా రోజూ చేయండి. ఈత నేర్చుకునేది మునుగుతున్నప్పుడు కాదు కదా.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. దాన్ని కూడా వాడుకోండి. రాత్రి కలతో లేచినప్పుడు దీపం వేసి నోటుబుక్కులో ఆ రోజు తారీఖు, వారం, మీ పేరు, మీ ఊరి పేరు రాయండి. అంతే చాలు. తారీఖు రాస్తే, గండం జరిగిన తారీఖు వెనక ఉండిపోయిందని కంటికి కనిపిస్తుంది. గండం కథంతా ఒక్కరే కూర్చొని రాయాలని చూడొద్దు. అది తెలిసిన మనిషి తోడుగా చేయవలసిన పని.

పక్కన పనిచేసేవాళ్లు కూడా కొన్ని తెలుసుకోవాలి. ఆమెను వెనకనుంచి ముట్టుకోవద్దు. ముందుకు వచ్చి, పేరు పెట్టి పిలవండి. "మర్చిపో" అనొద్దు, అది ఆమె చేతిలో ఉంటే ఎప్పుడో మర్చిపోయేది. "ఎట్లా జరిగింది, మళ్లీ చెప్పు" అని అడిగి అడిగి చెప్పించవద్దు. గండం కాగానే అందరినీ కూర్చోబెట్టి బలవంతంగా చెప్పిస్తే మేలు జరగదని పరిశోధనల్లో తేలింది. ఆమె తనంతట తాను చెప్తే మాత్రం వినండి. మధ్యలో "మాకు కూడా గట్లనే అయింది" అని మన కథ ఎత్తుకోవద్దు. ఇది చాలా కష్టం, నాకు తెలుసు.

ఏడాది తిరిగి అదే తారీఖు, అదే కార్తె, అదే పండుగ వచ్చినప్పుడు బుగులు మళ్లీ ఎక్కువవుతుంది. తగ్గిందనుకున్నది మళ్లీ వచ్చిందని బెంబేలు పడొద్దు. ఆ వారం పని కొంచెం తగ్గించుకోండి, ఒంటరిగా ఉండొద్దు.

కల్లు, నిద్ర గోళీలు

నిద్ర కోసం సాయంత్రం కల్లు దుకాణానికి పోయేవాళ్లు ఉన్నారు. దాచి లాభం లేదు, మన దగ్గర ఆడవాళ్లు కూడా తాగుతారు. చెట్టు కల్లు వేరు. దుకాణం కల్లులో చాలాచోట్ల నిద్ర మందులు కలుపుతారు. ఆల్ప్రజోలం, డైజిపాం అని వాటి పేర్లు. ఆ రాత్రికి నిద్ర వస్తుంది. రోజులు గడిస్తే అది లేకుండా చేతులు వణుకుతాయి, గండం కలలు ఇంకా ఎక్కువవుతాయి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. 2015లో నిజామాబాదు, పాలమూరు వైపు కల్తీ కల్లు ఆగిపోయేసరికి ఎంతోమంది దవాఖానల పాలయ్యారు. అలవాటైనవాళ్లు డాక్టరుకు చెప్పి మెల్లగా మానాలి. మందుల షాపులో అడిగి నిద్ర గోళీలు కొనుక్కోవడం కూడా ఇట్లాంటిదే.

నిద్రకు వేరే దారులున్నాయి. పొద్దుగూకినాక చాయ్ తాగొద్దు. రోజూ ఒకే వేళకు లేవాలి, రాత్రి నిద్ర పట్టకపోయినా సరే. చీకటంటే బుగులైతే చిన్న బల్బు వేసుకోండి, కరెంటు బిల్లు గురించి ఎవరేమన్నా సరే.

దవాఖానకు ఎప్పుడు పోవాలి?

నెల దాటినా తగ్గకపోతే, పని ఇల్లు నడవకపోతే, చనిపోవాలనే ఆలోచన వస్తే పోవాలి. చనిపోవాలనిపిస్తే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే పోవాలి. ఆ ఆలోచన ఉన్నవాళ్లున్న ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంచొద్దు. పక్కింటికి మార్చండి, తాళం వేయండి.

మొదట ఆశా అక్కకో ఏఎన్‌ఎంకో చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చెప్పండి. "తలనొప్పి, ఒళ్లునొప్పులు" అని మాత్రం చెప్పి గోళీలు తెచ్చుకుంటే అసలు సంగతి బయటపడదు. "ఫలానా గండం అయింది, అప్పటినుంచి నిద్ర లేదు, దడ వస్తది" అని ఆ మాటే చెప్పాలి. పెద్ద డాక్టరు కోసం సూర్యాపేట జనరల్ దవాఖానకు పంపుతారు. హైదరాబాదు ఎర్రగడ్డలో సర్కారు మానసిక దవాఖాన ఉంది. ఎర్రగడ్డ అనగానే జనం నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి ఇంట్లో కూర్చునేవాళ్లు ఎంతమందో! కాలు విరిగితే నిమ్స్‌కు పోతే నవ్వుతారా?

ఫోను కూడా ఉంది. 14416. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలయింది. పైసలు పడవు. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఐదు అంకెలే. ఇప్పుడే నోటుబుక్కులో మూడుసార్లు రాయండి.

దవాఖానలో ఏం చేస్తారు? షాకులు పెడతారని కొందరి భయం. ఈ జబ్బుకు ముఖ్యమైన వైద్యం మాటలే. నేర్చుకున్న మనిషి వారానికి ఒకసారి కూర్చోబెట్టి, మెల్లమెల్లగా, మీరు తట్టుకున్నంత మేరకు ఆ రోజు సంగతిని చెప్పిస్తారు. ఆరబోసిన వడ్లను గింజ గింజ ఏరి బస్తాకు ఎత్తడం అన్నమాట. కొందరికి గోళీలు కూడా ఇస్తారు. అవి జ్వరం గోళీల్లాగా ఆ పూటకే పనిచేయవు. మూడు నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకొని "లాభం లేదు" అని పారేయొద్దు. తగ్గినాక కూడా డాక్టరును అడగకుండా ఆపొద్దు.

2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్కారు దవాఖానలో ఈ వైద్యం అడిగి తీసుకోవడం మన హక్కు. మీ సంగతి డాక్టరు ఊరందరికీ చెప్పకూడదని కూడా అందులో ఉంది.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇంతసేపూ గడిచిపోయిన గండం గురించే చెప్పుకున్నాం. గండం గడవకపోతే? రోజూ కొట్టే మనిషి ఇంట్లోనే ఉంటే? అప్పుడు కావలి పెట్టేది ఉత్త కేక కాదు, నిజమైన కేక. ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోమని అట్లాంటి అక్కకు నేను చెప్పను. 181కి ఫోను చేయాలి. సఖి కేంద్రంలో ఉండటానికి చోటు, పోలీసు, వకీలు సాయం దొరుకుతాయి. ఇంట్లో కొట్టడాన్ని అడ్డుకోవడానికి 2005 చట్టం ఉంది. ఫోను వేరేవాళ్లు చూస్తారనుకుంటే ఆ నంబరును వదిన పేరుతోనో పాలామె పేరుతోనో దాచుకోండి.

మళ్లీ ట్రాలీ ఎక్కుడు

ఆ అక్క సంగతికి వద్దాం. ఆమె దవాఖానకు పోయింది, గోళీలు వేసుకుంది. నిద్ర కొంచెం కుదిరింది. కానీ కూలికి పోవాలంటే ట్రాక్టరు ఎక్కాలి. ఎక్కకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. తప్పించుకున్నకొద్దీ బుగులు బలుస్తుంది. అట్లాగని ఒక్కరోజే గుంజి ఎక్కిస్తే ఇంకా బెదురుతుంది. నడిమి దారి ఏందంటే, మెట్టు మెట్టుగా పోవడం.

దవాఖానలో చెప్పినట్టు ఆడవాళ్లే ఒక ఉపాయం చేశారు. మొదటి వారం ఆమె ఆగి ఉన్న ట్రాలీని చూసి వచ్చింది. చేత్తో ముట్టుకుంది. దడ వచ్చింది. ఊపిరి వదులుకుంటూ అక్కడే నిలబడింది, దడ తగ్గేదాకా ఉండి వచ్చింది. ఇదే కిటుకు. దడ ఉండగానే పారిపోతే "పారిపోతేనే బతికా" అని ఒంటికి పాఠం పడుతుంది. తగ్గేదాకా నిలబడితే "ఏం కాలేదు" అని పాఠం పడుతుంది. తర్వాత ఆగి ఉన్న ట్రాలీలో కూర్చుంది, పక్కన వదినను పెట్టుకొని. తర్వాత ఊరి చివర దాకా పోయి దిగింది. వెనక తలుపు పక్కన, దిగడానికి వీలుగా, ఆమెకు చోటు ఉంచారు. కొన్నిరోజులు వెనక్కి పోయినట్టే అయింది, మళ్లీ ముందుకు వచ్చింది. దగ్గర దగ్గర మూడు నెలలు పట్టింది.

ఒకరోజు సద్ది తినేటప్పుడు ఒక ముసలామె అన్నది: "ఏమే, దీని బుగులంత ఉత్తదేనా? ముప్పయి మందిని కుక్కి, ఫోన్ల మాట్లాడుకుంట కాలువ కట్ట మీద నడుపుతుంటే మనకు బుగులు లేకపోవుడే తప్పు."

ఆమె అన్నది నిజమే. ట్రాలీ సరుకుల బండి. దాంట్లో మనుషులను ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోదు. ఆటో పెట్టమంటే రైతు కిరాయి ఎక్కువంటాడు. ఆటో మాట ఇంకా తెగలేదు. అప్పటిదాకా ఆ ముఠా ఆడవాళ్లు మేస్త్రితో, డ్రైవరుతో మాట్లాడుకున్నారు. ఫోను జేబులో ఉండాలి. పదిహేను మంది కంటే ఎక్కువ ఎక్కరు, మిగిలినవాళ్లను రెండో తిప్పలో తేవాలి. కాలువ కట్ట రాగానే అందరూ దిగి నడుస్తారు. కట్ట దాటినాక ఎక్కుతారు. పది నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ పది నిమిషాలకు కూలి కొయ్యనని మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆ అక్క కట్ట మీద అందరికంటే ముందు నడుస్తుంది, నీళ్ల వైపు చూడకుండా.